మీటింగు నోట్సుకు ఏ ట్యాబ్లెట్, ఏ పెన్ను?

చేత్తో రాసుకునే ట్యాబ్లెట్ల మీద పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: రోజూ రెండు మూడు మీటింగులుంటాయండీ. నోటు పుస్తకాలు పేరుకుపోయి, పాత విషయం ఒకటి కావాలంటే దొరకడం లేదు. పెన్నుతో రాసే ట్యాబ్లెట్ కొందామంటే ఒకరు ప్రాసెసర్ చూడమంటారు, ఇంకొకరు పెన్నుకి 4096 ఒత్తిడి స్థాయిలు ఉండాలంటారు. అసలు దేన్ని చూసి కొనాలి?

జవాబు: ఆ రెండింటినీ పక్కన పెట్టేయండి. ఒత్తిడి స్థాయిలు, అంటే ఎంత నొక్కితే గీత అంత లావయ్యే మెట్లు, బొమ్మలు వేసేవాళ్లకు అవసరం. నోట్సు రాసేవాళ్లు ఎక్కువగా ఒకే మందంతో గీత పడే పెన్నునే ఎంచుకుంటారు కాబట్టి ఆ అంకె 4096 అయినా 2048 అయినా పేజీ మీద తేడా తెలియదు. ప్రాసెసర్ సంగతీ అంతే, అక్షరాలు గీయడానికి పెద్ద శక్తి అక్కర్లేదు.

ముందు తెర రకం తేల్చుకోండి. ఐప్యాడ్, గెలాక్సీ ట్యాబ్, సర్ఫేస్ లాంటివి తమంతట వెలిగే తెరలు. కిండిల్ స్క్రైబ్, రీమార్కబుల్, సూపర్‌నోట్, బూక్స్ లాంటివి ఈ-ఇంక్ తెరలు, అంటే కాగితంలా బయటి వెలుతురులో కనిపించేవి. మీటింగులో రంగుల చార్టులు తెరవాలి, మెయిల్ చూడాలి, వీడియో కాల్‌లో రాసింది అందరికీ చూపించాలి అంటే మొదటి రకమే. రాసుకోవడం, పీడీఎఫ్ చదువుతూ అంచున గుర్తులు పెట్టుకోవడం, అంతకుమించి ఏమీ లేదంటే ఈ-ఇంక్ తీసుకోండి. కిటికీ పక్కన కూర్చున్నా అందులో అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది, బ్యాటరీ రోజుల తరబడి నిలుస్తుంది, చాలావాటిలో మధ్యలో మెసేజీలు వచ్చి దృష్టి మళ్లించవు. దాని లోపాలూ చిన్నవి కావు. పేజీ తిప్పితే తెర ఒకసారి మినుకుమంటుంది, పాత పేజీ నీడ లీలగా మిగులుతుంది, పొడవాటి నోట్సును గబగబా పైకీ కిందికీ జరపబోతే విసుగొస్తుంది. తెర మీద వెలుగు పరిచే దీపం సంగతి తప్పకుండా అడగండి. 2020లో వచ్చిన రీమార్కబుల్ 2కి దీపం లేదు, 2022లో వచ్చిన కిండిల్ స్క్రైబ్‌కి ఉంది. ప్రొజెక్టర్ కోసం లైట్లు ఆర్పేసే గదుల్లో మీ మీటింగులు జరుగుతుంటే దీపం లేనిది మీకు పనికిరాదు.

తర్వాత కొలత. 4:3 నిష్పత్తిలో ఉన్న 10.3 అంగుళాల తెర దాదాపు 209 మి.మీ. పొడవు, 157 మి.మీ. వెడల్పు ఉంటుంది. అంటే ఇంచుమించు ఏ5 కాగితం. మీటింగు నోట్సుకు దీన్ని మించిన కొలత లేదని మా అభిప్రాయం. 7.8 అంగుళాలది నిలబడి రాసేవారికి వీలుగా ఉంటుంది కానీ వరుసకి నాలుగైదు మాటల కన్నా పట్టవు. 13 అంగుళాలది ఏ4 పత్రాలు ఎక్కువగా చదివేవారికి. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలో చాలావాటి తెర 16:10 నిష్పత్తిలో ఉంటుంది. పేరుకి 11 అంగుళాలైనా నిలువుగా పట్టుకుంటే వెడల్పు 148 మి.మీ. మాత్రమే. అంగుళాలు విని మోసపోకుండా వెడల్పు అడగండి. బరువు కూడా చూసుకోండి. రీమార్కబుల్ 2 సుమారు 400 గ్రాములైతే, 14.6 అంగుళాల గెలాక్సీ ట్యాబ్ ఎస్9 అల్ట్రా 732 గ్రాములు. కవరు బరువు దీనికి అదనం.

ప్రశ్న: ఇంట్లో పాత టచ్ పెన్ను ఉంది, చివర రబ్బరు బుడిపె ఉంటుంది. ట్యాబ్లెట్ ఒకటి కొంటే ఆ పెన్నుతో రాయొచ్చా? ఒక కంపెనీ పెన్ను ఇంకో కంపెనీ ట్యాబ్లెట్ మీద పనిచేస్తుందా?

జవాబు: రబ్బరు బుడిపె పెన్ను తెరకి మీ వేలులాగే కనిపిస్తుంది. పెన్ను ఏదో, అరచెయ్యి ఏదో తెర గుర్తుపట్టలేదు కాబట్టి చెయ్యి ఆనించగానే పిచ్చిగీతలు పడతాయి. మొన కూడా లావు. దానితో నోట్సు సాగవు.

అసలైన పెన్నుల్లో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది ఈఎంఆర్. తెర వెనకున్న పలచటి బోర్డు విద్యుదయస్కాంత సంకేతం పంపితే, పెన్నులోని తీగచుట్ట దాన్ని అందుకుని తిరిగి పంపుతుంది. పెన్నులో బ్యాటరీ అక్కర్లేదు. గెలాక్సీ ట్యాబ్ ఎస్ వరుస, కిండిల్ స్క్రైబ్, రీమార్కబుల్ 2, సూపర్‌నోట్, చాలా బూక్స్ మోడళ్లు ఈ పద్ధతివే. వీటిలో ఒకదాని పెన్ను ఇంకోదాని మీద చాలావరకు రాస్తుంది. మీటింగు మధ్యలో పెన్నులో చార్జింగ్ అయిపోయే బెడద ఉండదు కనుక, మిగతావన్నీ సమానంగా కనిపించినప్పుడు ఈఎంఆర్ వైపే మొగ్గమంటాం. గెలాక్సీ ట్యాబ్‌లతో వచ్చే ఎస్ పెన్నుల్లో కొన్నిటికి చార్జింగ్ ఉంటుంది కదా అని అడుగుతారు. అది దూరం నుంచి బటన్ నొక్కి చేసే పనులకు మాత్రమే, రాతకి అవసరం లేదు.

రెండో పద్ధతిలో పెన్నే బ్యాటరీతో సంకేతం పంపుతుంది, టచ్ పొర దాన్ని పట్టుకుంటుంది. ఆపిల్ పెన్సిల్, సర్ఫేస్ పెన్నులు, క్రోమ్‌బుక్‌ల యూఎస్ఐ పెన్నులు ఈ కోవకి వస్తాయి. ఒకదాని భాష ఇంకోదానికి తెలియదు. 2024లో వచ్చిన రీమార్కబుల్ పేపర్ ప్రో కూడా ఈఎంఆర్ వదిలేసి తన సొంత పెన్నుకి మారింది, రీమార్కబుల్ 2 పెన్ను దాని మీద రాయదు.

ఎక్కువమంది తప్పులో కాలేసేది ఆపిల్ దగ్గర. రెండో తరం పెన్సిల్ 2024 నాటి ఎం4 ఐప్యాడ్ ప్రో మీద, ఎం2 ఐప్యాడ్ ఎయిర్ మీద పనిచేయదు. వాటికి పెన్సిల్ ప్రో గానీ యూఎస్‌బీ-సీ పెన్సిల్ గానీ కావాలి. పదో తరం మామూలు ఐప్యాడ్ మొదటి తరం పెన్సిల్‌నీ యూఎస్‌బీ-సీ పెన్సిల్‌నీ మాత్రమే ఒప్పుకుంటుంది, మొదటిదైతే చార్జింగుకి అడాప్టర్ తప్పనిసరి. యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కి ఒత్తిడి గుర్తించే శక్తి లేదు, నోట్సుకి అది లోటేమీ కాదు. పాత పెన్సిల్ ఎవరైనా ఇస్తామంటే పుచ్చుకునే ముందు మీ ఐప్యాడ్ తరం ఏదో సెట్టింగ్స్‌లో చూసుకోండి. మొదటి తరం పెన్సిల్‌ని నెలల తరబడి చార్జింగ్ లేకుండా పడేస్తే అందులోని బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు కూడా.

ప్రశ్న: ట్యాబ్లెట్ మీద ఇంగ్లీషు బాగానే వస్తోంది. తెలుగు రాస్తే వత్తులు కలిసిపోయి నా రాత నాకే అర్థం కావడం లేదు. లోపం పెన్నుదా, తెరదా?

జవాబు: చాలాసార్లు లోపం గీతల ఎడంలో ఉంటుంది. ‘రాష్ట్రం’ అని రాసి చూడండి. ష కింద ట వత్తు రావాలి, దాన్ని ఆనుకుని ర వత్తు రావాలి. అక్షరం ఎత్తు 4 మి.మీ. అనుకుంటే వత్తులకు ఇంకో 3 మి.మీ. పడుతుంది. కింది వరుసలో ‘విధి’ లాంటి మాట వస్తే దాని గుడులకు 2 మి.మీ. కావాలి. మొత్తం 9. ఇంగ్లీషుకి సరిపోయే 7 మి.మీ. ఎడంలో దీన్ని ఇరికించబోతే వత్తు వెళ్లి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది.

కనుక 9 నుంచి 10 మి.మీ. ఎడంతో గీతల పేజీ మీరే తయారు చేసుకోండి. ఏదైనా వర్డ్ ప్రాసెసర్‌లో పేజీ కొలతను మీ తెర కొలతకే పెట్టండి, ఉదాహరణకి 157 × 209 మి.మీ. పైన 20 మి.మీ. వదిలి, అక్కణ్నుంచి 9.5 మి.మీ.కి ఒకటి చొప్పున లేత బూడిద రంగు గీతలు గీస్తే 19 వరుసలు వస్తాయి. పీడీఎఫ్‌గా భద్రపరచి నోట్సు యాప్‌లో టెంప్లేట్‌గా ఎక్కించండి. పేజీ కొలత తెరతో సరిపోకపోతే యాప్ దాన్ని కుదించి చూపిస్తుంది, అప్పుడు మీ 9.5 కాస్తా 7 అయిపోతుంది. మొదటి పేజీ మీద స్కేలు పెట్టి ఒకసారి కొలవండి.

పెన్ను మందం 0.4 మి.మీ. దగ్గర పెట్టండి. అంతకన్నా లావైతే ధ కింది చిన్న గీత కలిసిపోయి ధ, ద ఒకేలా కనబడతాయి. ప–ఫ, డ–ఢ, చ–ఛ జంటలదీ ఇదే గతి. గీతను నున్నగా చేసే సౌకర్యం యాప్‌లో ఉంటే పూర్తిగా ఆపేయండి. పెద్ద వంపులకు అది బాగుంటుంది గానీ తలకట్టు లాంటి చిన్న మలుపులను అరగదీసేస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా రాత అనుకున్న చోట కాకుండా కొంచెం పక్కన పడుతుంటే అప్పుడు తెరను అనుమానించండి. పదో తరం మామూలు ఐప్యాడ్ లాంటి వాటిలో పై అద్దానికీ తెరకీ మధ్య గాలి ఖాళీ ఉంటుంది. పెన్ను మొన ఒకచోట, గీత ఇంకోచోట ఉన్నట్టు కనిపించేది అందువల్లే. ఐప్యాడ్ ఎయిర్‌లో రెండు పొరలూ అతికి ఉంటాయి కాబట్టి ఆ ఎడం బాగా తగ్గుతుంది. వత్తులు రాసే చేతికి ఈ తేడా ఇట్టే తెలుస్తుంది.

ప్రశ్న: కొనేముందు పది నిమిషాలు చేతికిస్తారు. ఆ కాస్త సమయంలో ఏమేం పరీక్షించాలి?

జవాబు: ఒక చిన్న ప్లాస్టిక్ స్కేలు వెంట తీసుకెళ్లండి. నోట్సు యాప్ తెరిచి, స్కేలు ఆనించి మూల నుంచి మూలకి ఏటవాలుగా ఒక గీత చాలా నెమ్మదిగా గీయండి, పది సెకన్లు పట్టేంత నెమ్మదిగా. గీత తిన్నగా రాకుండా అలల్లా వంకర్లు తిరిగితే తెరలోని సెన్సరు గీతల మధ్య పెన్ను స్థానాన్ని సరిగ్గా లెక్కకట్టలేకపోతోందన్నమాట. బ్యాటరీ పెన్నుల్లో ఈ జబ్బు ఎక్కువ. వేగంగా గీస్తే కనిపించదు కాబట్టే దుకాణంలో సంతకం పెట్టి చూపించమంటారు. నెమ్మదిగా గీసినప్పుడు వంకర తిరిగే తెర మీద చిన్న తెలుగు అక్షరం కుదరదు.

తర్వాత అరచెయ్యి మొత్తం ఆనించి, మామూలుగా రాసే భంగిమలోనే ఐదారు వరుసలు రాయండి. రాస్తున్న చోట మచ్చలు పడ్డా, పేజీ దానంతటదే జరిగినా, వేలితో రాతను ఆపే సెట్టింగు ఉందేమో అడగండి. మైక్రోసాఫ్ట్ నోట్సు యాప్ వన్‌నోట్‌లో వేలితో గీయడాన్ని ఆపొచ్చు, ఐప్యాడ్‌లో పెన్సిల్‌తో మాత్రమే గీసేలా పెట్టొచ్చు. ఆ సెట్టింగు పెట్టాక కూడా మచ్చలు పడితే ఆ మోడల్ వద్దు.

నాలుగు మూలల్లోనూ చిన్న చుక్కలు పెట్టండి. మధ్యలో సరిగ్గా పడి మూలల్లో పక్కకి జరిగితే, ఎంత జరిగిందో స్కేలుతో చూడండి. ఈఎంఆర్ తెరల్లో అంచు దగ్గర కొంచెం తేడా మామూలే. అర మిల్లీమీటరు దాకా సర్దుకుపోవచ్చు, పేజీకి 10 మి.మీ. మార్జిన్ వదిలితే సరి.

ఆలస్యం తెలుసుకోవడానికి గబగబా సున్నాలు చుట్టుకుంటూ పోండి, మొనకీ సిరాకీ మధ్య ఎంత దూరం మిగులుతోందో గమనించండి. తెర సెకనుకి 60 సార్లు మారితే ఒక్కో బొమ్మకి 16.7 మిల్లీసెకన్లు, 120 సార్లయితే 8.3. అయితే యాప్ సరిగ్గా లేకపోతే 120 ఉన్నా లాభం లేదు. 2019లో ఆపిల్ తెర మార్చకుండా సాఫ్ట్‌వేర్‌తోనే పెన్సిల్ ఆలస్యాన్ని 20 మిల్లీసెకన్ల నుంచి 9కి తగ్గించింది. అందుకే మీరు వాడబోయే యాప్‌లోనే ఈ పరీక్ష చేయండి, దుకాణంవారు చూపించే డెమోలో వద్దు.

ప్రశ్న: నా పెన్ను తెరకి తగలకముందే రాసేస్తోంది. పైగా పేజీ కుడివైపు ఒకచోట నిలువు గీత ఎప్పుడూ వంగుతుంది. ట్యాబ్లెట్ పాడైనట్టేనా?

జవాబు: రెండూ వేర్వేరు సమస్యలు, రెండిటికీ ట్యాబ్లెట్ కారణం కాకపోవచ్చు.

గాల్లోనే రాయడం అంటే పెన్ను లోపలి ఒత్తిడి సెన్సరు ఎప్పుడూ నొక్కుకునే ఉందని అర్థం. ఈఎంఆర్ పెన్నైతే మొనను పట్టకారుతో నిటారుగా లాగి తీయండి. మొన లేకుండా పెన్నును తెరకి 5 మి.మీ. ఎత్తులో తిప్పండి, తెరకి మాత్రం తాకించవద్దు. ఇప్పుడు రాయడం ఆగితే తప్పు మొనదే. రంధ్రంలో దుమ్ము చేరి ఉండొచ్చు, లేదా ఇంకో కంపెనీ మొన కాస్త పొడవై లోపలికి ఎక్కువ నొక్కుతూ ఉండొచ్చు. దుమ్ము దులిపి, ఆ పెన్నుకి చెందిన కొత్త మొన పెట్టండి. మొన లేకపోయినా రాస్తూనే ఉంటే సెన్సరు పోయినట్టే, పెన్ను మార్చాలి.

ఒకేచోట గీత వంగడానికి మాత్రం అయస్కాంతం కారణం అయ్యుంటుంది. కవరు మూతకీ పెన్ను పట్టుకీ అయస్కాంతాలుంటాయి. కవరును వెనక్కి మడిచి రాసేటప్పుడు ఆ ముక్క సరిగ్గా తెర కిందికి వస్తుంది. కవరు పూర్తిగా తీసేసి అదే గీత మళ్లీ గీయండి. ట్యాబ్లెట్ కింద ఫోనుంటే దాన్నీ జరపండి. గీత చక్కబడితే ఆ ట్యాబ్లెట్ కోసమే చేసిన కవరు కొనుక్కోండి, అందరికీ సరిపోతుందనే రకం వద్దు. చార్జింగ్ పెట్టినప్పుడు మాత్రమే గీత వణుకుతుంటే తప్పు చార్జరుది.

ప్రశ్న: కాగితంలా గరగరలాడేందుకు ఐప్యాడ్‌కి మ్యాట్ ఫిల్ము వేయించమంటున్నారు. మంచిదేనా?

జవాబు: చెయ్యి జారకుండా ఆపుతుంది, అక్షరం అదుపులో ఉంటుంది. బదులుగా తెర స్పష్టత కొంత పోతుంది, తెల్ల పేజీ మీద సన్నటి రంగుల మెరుపు కనిపిస్తుంది. మొన అరుగుదల కూడా పెరుగుతుంది. ఆపిల్ పెన్సిల్ తెల్లటి మొన అరిగి లోపలి లోహం కనబడిందంటే వెంటనే మార్చండి, ఆ లోహం తెరను గీరేస్తుంది. ఈ-ఇంక్ వాటిలో మెత్తటి మొనలు ఒకపక్కకి అరిగి ఉలి అంచులా తయారవుతాయి. రాసేటప్పుడు పెన్నును వేళ్ల మధ్య అప్పుడప్పుడు కాస్త తిప్పుతుంటే సమంగా అరుగుతాయి. సూపర్‌నోట్ దారి వేరు. గట్టి సిరామిక్ మొన, మెత్తగా నొక్కుకుని మళ్లీ పైకి లేచే ఫిల్ము. మొన మార్చే పని లేదు. అయితే దాని మీద మామూలు ప్లాస్టిక్ మొన వాడితే నప్పదు.

ప్రశ్న: తెలుగులో రాసిన నోట్సును టైపు అక్షరాల్లోకి మార్చుకోవచ్చా? వెతికితే దొరుకుతుందా?

జవాబు: ట్యాబ్లెట్ ప్రకటనల్లో ‘చేతిరాతను అక్షరాలుగా మారుస్తుంది’ అని ఉన్నా, భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో చూడకుండా నమ్మకండి. జాబితాలో లేకపోతే తెలుగు చేతిరాతలో వెతుకులాట కూడా పనిచేయదు.

ఆండ్రాయిడ్‌లో నమ్మదగిన దారి గూగుల్ వారి కీబోర్డు యాప్ జీబోర్డు. దాని సెట్టింగ్స్‌లో భాషల్లోకి వెళ్లి తెలుగును చేర్చి, కీబోర్డు రకాల్లో చేతిరాతను ఎంచుకోండి. కింద వచ్చే ఖాళీ పెట్టెలో పెన్నుతో రాస్తే మాట టైపు అక్షరాల్లో పడుతుంది. వత్తులు, గుడులు పూర్తయ్యేదాకా ఆగకుండా మాటంతా ఒకేసారి రాయండి. మధ్యలో ఆగితే సగం మాటనే తీసుకుంటుంది. మీటింగు వేగానికి ఇది అందుకోదు, మొత్తం నోట్సుకి వాడొద్దు. ప్రతి నోట్సు శీర్షికను మాత్రం ఇలా టైపు అక్షరాల్లో పెట్టండి. తేదీని 2025-03-14 లాగా ఏడాది ముందు వచ్చేట్టు, తర్వాత మీటింగు పేరు, తర్వాత ఒక ముఖ్యమైన మాట. శీర్షిక అక్షరాల్లో ఉంటే చాలు, వందల నోట్సుల్లోంచైనా నిమిషంలో బయటికి వస్తుంది. మీ నోటు పుస్తకాల బాధకి అసలు మందు ఇదే, ఏ మోడల్ కొన్నా.

ప్రశ్న: మా మీటింగులన్నీ లాప్‌టాప్ మీదే. ఇంకో తెర కొనడం ఇష్టం లేదు. దారుందా?

జవాబు: తెర లేని పెన్ ట్యాబ్లెట్ ఉంది. వాకామ్, హుయాన్, ఎక్స్‌పీ-పెన్ ఇవి చేస్తాయి. పలక మీద రాస్తే గీత లాప్‌టాప్ తెర మీద వస్తుంది. చేతిని చూడకుండా తెరను చూస్తూ రాయడం అలవాటు కావాలి. మొదట్లో అక్షరాలు వంకరగా వస్తాయి, రోజూ కాసేపు రాస్తే కుదురుతుంది.

డ్రైవరు, అంటే పలకను లాప్‌టాప్‌తో కలిపే సాఫ్ట్‌వేర్, వేశాక మొదట చేయాల్సింది నిష్పత్తి సరిచేయడం. చిన్న పలకల్లో రాసే చోటు 152 × 95 మి.మీ. దాకా ఉంటుంది, అంటే 16:10. లాప్‌టాప్ తెర 16:9 అయితే గుండ్రటి సున్న అడ్డంగా సాగినట్టు వస్తుంది. డ్రైవరులో నిష్పత్తిని స్థిరంగా ఉంచే గడి టిక్ చేయండి. విండోస్‌లో వన్‌నోట్ మీ పెన్నును మౌసులా చూస్తుంటే డ్రైవరులో విండోస్ ఇంక్‌ను ఆన్ చేయండి. వీడియో కాల్‌లో పంచుకునేటప్పుడు తెరంతా కాకుండా నోట్సు కిటికీ ఒక్కటే పంచుకోండి.

ప్రశ్న: ఆఫీసు విషయాలు రాస్తాను. ట్యాబ్లెట్ పోయినా, కంపెనీ యాప్ ఆపేసినా నోట్సు దక్కాలంటే?

జవాబు: కొనేముందే ఒక నోట్సును పీడీఎఫ్‌గా బయటికి పంపి చూడండి. గీతలు పదునుగా ఉన్నాయా, పెద్దది చేస్తే మసకబారుతున్నాయా గమనించండి. మసకబారితే యాప్ గీతలను బొమ్మగా మార్చేసి పంపుతోందన్నమాట. యాప్ సొంత ఫార్మాట్‌లో ఎంత భద్రంగా ఉన్నా ఆ యాప్ లేనిచోట అది తెరుచుకోదు. వారానికోసారి, ఆ వారం నోట్సులన్నిటినీ పీడీఎఫ్‌గా వేరే చోట పెట్టండి.

తెర తాళానికి పాస్‌కోడ్ తప్పక పెట్టుకోండి, ఈ-ఇంక్ వాటికి కూడా. క్లౌడ్‌లోకి దానంతటదే ఎక్కడం మొదట ఆపేసి, ఆఫీసు విషయాలు బయటి సర్వరులో ఉంచొచ్చో లేదో మీ సంస్థలోని ఐటీ వాళ్లను అడిగాకే ఆన్ చేయండి. నోటబిలిటీ, శామ్‌సంగ్ నోట్స్ లాంటివి మాటలను రికార్డు చేసి, ఆ సమయంలో మీరు రాసిన గీతతో జతచేస్తాయి. గీత నొక్కితే అప్పటి మాట వినిపిస్తుంది. చాలా ఉపయోగమైన పని, అయితే గదిలో ఉన్న వారందరి అనుమతి తీసుకున్నాకే బటన్ నొక్కండి.

ప్రశ్న: నాది ఎడమచేతి వాటం. ప్రత్యేకంగా చూడాల్సిందేమైనా ఉందా?

జవాబు: ఉంది. పరికరాల పట్టీని కుడివైపుకి మార్చగలగాలి, లేకపోతే అరచెయ్యి దాని మీదే ఆని ఉంటుంది. పైన చెప్పిన అరచేతి పరీక్షను ఎడమచేత్తో, మీ మణికట్టు వంపుతోనే చేయండి. కొన్ని యాప్‌లలో చేతి భంగిమ ఎంచుకునే బొమ్మలుంటాయి, మీ భంగిమకి దగ్గరగా ఉన్నది పెట్టుకుంటే మచ్చలు తగ్గుతాయి.